సుడిగుండం బొమ్మ, సుడిగాలిలోని స్వరం



ఈ వారం ఒక బొమ్మ గురించి రాయాలనుకుంటున్నాను. వాక్యం రాయాల్సిన చోట బొమ్మల సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చు. చివరిదాకా చదవండి. ఇది వాక్యం దగ్గరికే వస్తుంది.

కొద్ది నెలల క్రితం మహబూబ్‌నగర్ వైపు ఒక యవనస్థుల కూడికకు వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, హైదరాబాద్‌లో చిత్రకళ చదువుతున్న ఒక తమ్ముడు తన ఫోన్‌లో ఒక బొమ్మ తీసి చూపించాడు. నీటి దారాల్లాంటి సన్నని గీతలు అన్ని దిక్కుల నుంచి వంగి, తిరుగుతూ, ఒక నడిమి చోటులోకి దిగిపోతున్నాయి. మనిషి లేడు, పడవ లేదు, ఒడ్డు లేదు. పక్కనున్న సంఘ పెద్ద ఒకాయన కళ్ళద్దాలు సవరించుకొని, “ఏందయ్యా గిది? ఇండ్ల ఏమున్నది?” అన్నారు. అబ్బాయి నా వైపు తిరిగి, “అయ్యగారూ, మీరు చెప్పండి. దీని అర్థం ఏంది?” అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా వర్తమానాలు చెప్పే నోరు కదా, ఆగలేదు. “ఇది పాపమనే సుడిగుండం. లోకం మనిషిని ఇట్లానే లోపలికి లాగేస్తుంది” అని మొదలుపెట్టి, రెండు మూడు వచనాలు కూడా జోడించాను. పెద్దాయన తల ఊపారు. అబ్బాయి మర్యాదగా అంతా విని, చిన్నగా ఒక మాట అన్నాడు: “అయ్యగారూ, మీరు చూడకముందే చెప్పిన్రు.”

ఆ మాట నాతోపాటు ఇంటికి వచ్చింది. ఎందుకు వచ్చిందో తరువాత చెబుతాను. ముందు ఆ బొమ్మ సంగతి.

ఎవరు చేశారు?

ఆ చిత్రం పేరు ‘వర్ల్‌పూల్’, అంటే సుడిగుండం. 1963 నాటిది. చేసినవారు మన తెలుగువారే, కృష్ణారెడ్డి గారు. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర కళ నేర్చుకున్నారు. కొంతకాలం మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళ బోధించారు. తరువాత లండన్ వెళ్ళి స్లేడ్ స్కూల్లో హెన్రీ మూర్ దగ్గర శిల్పం, పారిస్‌లో జాడ్‌కిన్ దగ్గర మళ్ళీ శిల్పం అభ్యసించారు. పారిస్‌లోనే స్టాన్లీ విలియం హేటర్ నడిపే ‘అటెలియే 17’ అనే ముద్రణ కార్యశాలలో చేరి, కాలక్రమంలో దాన్ని నడిపేవారిలో ఒకరయ్యారు. ఆ తరువాత న్యూయార్క్‌లో స్థిరపడి ఎందరికో నేర్పించారు. 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2018 ఆగస్టులో, 93 ఏళ్ళ వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

కృష్ణారెడ్డి గారు క్రైస్తవుడు కాదు. ఈ బొమ్మ బైబిలు బొమ్మా కాదు. మరి మన పత్రికలో ఎందుకని అడిగేవారికి ఒక్క మాట. సొలొమోను దేవాలయానికి ఇత్తడి పని చేయడానికి పిలిపించిన హీరాము తండ్రి తూరు పట్టణస్థుడు (1 రాజులు 7:13-14). పౌలు ఏథెన్సులో ప్రసంగించినప్పుడు ఆ ఊరివారికి తెలిసిన కవుల మాటనే ఆసరాగా తీసుకున్నాడు (అపొ. కార్య. 17:28). చేతి నైపుణ్యం ఎక్కడ కనబడినా అది దేవుని ఈవి. దాని దగ్గర నేర్చుకుంటే మన విశ్వాసం తరిగిపోదు.

ఎలా చేశారు?

ప్రింట్ అనగానే మనకు ఊరి మూలమలుపులో కట్టే ఫ్లెక్స్ గుర్తుకొస్తుంది. ఇది అలాంటిది కాదు. జింకు లేదా రాగి రేకు మీద ఆమ్లంతో తినిపించి, ఉలి లాంటి పనిముట్లతో చెక్కి, గీకి, బొమ్మను సిద్ధం చేస్తారు. దానికి రంగు పూసి, తడి కాగితం పరచి, బరువైన ప్రెస్సు కింద నొక్కితే రేకు మీదున్నది కాగితం మీదికి ఎక్కుతుంది.

ఇందులో రంగులు వేయడం చాలా కష్టమైన పని. అద్దకపు బట్ట చూసినవారికి తెలుసు, ఎన్ని రంగులుంటే అన్ని అచ్చులు కావాలి. రేకుల ముద్రణలోనూ రంగుకో రేకు చెక్కి, ఒకదాని తరువాత ఒకటి కాగితం మీద నొక్కేవారు. కృష్ణారెడ్డి గారు, హేటర్, బొంబాయి నుంచి వెళ్ళిన కైకో మోతీ కలిసి పారిస్‌లో ఇంకో దారి కనుగొన్నారు. దాన్ని విస్కాసిటీ ప్రింటింగ్ అంటారు. విస్కాసిటీ అంటే చిక్కదనం.

ఆ పద్ధతి ఇది. రేకును ఒకే మట్టంలో కాకుండా మిట్ట, మధ్యస్థం, లోతు అని వేర్వేరు మట్టాల్లో చెక్కుతారు. మన పాలమూరు నేలలాగానే, ఒకచోట గుట్ట, ఒకచోట చెలక, ఒకచోట కుంట. తరువాత రంగుల్లో అవిసె నూనె కలుపుతారు. ఒక రంగులో నూనె ఎక్కువ, మరోదాంట్లో తక్కువ. నూనె ఎక్కువగా ఉన్న పలచని రంగును గట్టి రోలర్‌తో దొర్లిస్తే అది మిట్టలను మాత్రమే తాకుతుంది. నూనె తక్కువగా ఉన్న చిక్కని రంగును మెత్తని రోలర్‌తో దొర్లిస్తే అది పల్లంలోకి కూడా దిగుతుంది. కానీ అప్పటికే నూనె పట్టి ఉన్న మిట్టల మీద అది అంటుకోదు. జిడ్డు పళ్ళెం మీద నీళ్ళు నిలవనట్టే. ఇలా రంగులు ఒకదానిని ఒకటి తోసుకుంటూ, తమ తమ చోట్లలో నిలిచిపోతాయి. ఒకే రేకు, ప్రెస్సు కింద ఒకే నొక్కుడు, కాగితం మీద మాత్రం ఎన్నో రంగులు. అదే రేకు నుంచి తీసిన రెండు ప్రతులు కూడా అచ్చం ఒకేలా ఉండాలని లేదు.

కృష్ణారెడ్డి గారు శిల్పి కూడా కాబట్టి, ఆ రేకును ఒక చిన్న శిల్పంగానే చెక్కేవారు. అంటే మనం కాగితం మీద చూస్తున్న సుడి మొదట లోహంలో నిజంగానే లోతుగా తవ్విన సుడి. ఇది తెలిసిన తరువాత నేను ఆ బొమ్మను మళ్ళీ చూశాను. ఈసారి కొంచెం ఎక్కువసేపు చూశాను.

ఇలాంటి బొమ్మను ఎలా చూడాలి?

ఇలాంటి వాటిని నైరూప్య చిత్రాలు అంటారు. రూపం కనబడని చిత్రాలు. వాటిని చూసి మనలో చాలామంది నవ్వుతాం, లేదా మనకు తెలియదులే అని పక్కన పెడతాం. కానీ విషయం అంత కష్టం కాదు.

మీ సండే స్కూలు పిల్లలను గాలి బొమ్మ గీయమని చెప్పండి. ఏం గీస్తారు? గాలి కనబడదు కాబట్టి వంగిన తాటిచెట్టు గీస్తారు, ఎగిరిపోతున్న గొడుగు గీస్తారు, తీగ మీద రెపరెపలాడే బట్టలు గీస్తారు. అది సరైనదే. యేసు ప్రభువు కూడా నీకొదేముతో గాలి గురించి అలాగే మాట్లాడారు. గాలి ఎక్కడినుంచి వస్తుందో తెలియకపోయినా దాని చప్పుడు వినబడుతుందన్నారు (యోహాను 3:8). నైరూప్య చిత్రకారుడు ఇంకో అడుగు వేస్తాడు. చెట్టును తీసేస్తాడు, గొడుగును తీసేస్తాడు, ఆ వంగడాన్ని, ఆ ఎగరడాన్ని మాత్రమే ఉంచుతాడు. కృష్ణారెడ్డి గారు నది బొమ్మ గీయలేదు. నదిలో ఉన్న లాగుడును గీశారు. అదే కాలంలో ఆయన చేసిన ‘వేవ్’ (అల), ‘స్ప్లాష్’ (నీటి చిందు) కూడా ఇలాంటివే. ఆయన చూపినది నీటిలో పనిచేసే బలాన్ని.

అలాంటి బొమ్మ ముందు నిలబడినప్పుడు నాకు ఉపయోగపడిన వరుస చెబుతాను. ఆ తమ్ముడే నాకు నేర్పాడు.

మొదట, ఏం కనబడుతోందో అది మాత్రమే చెప్పాలి. పాపం, లోకం, రక్షణ అనే మాటలు అప్పుడే వద్దు. గీతలు సన్నగా ఉన్నాయా, మందంగా ఉన్నాయా? ఎటు వంగుతున్నాయి? రంగు ఎక్కడ చిక్కగా ఉంది, ఎక్కడ పలచబడింది? కన్ను ముందు ఎక్కడికి పోతోంది, చివరికి ఎక్కడ ఆగుతోంది?

రెండవది, అది నాలో ఏం కదిలిస్తోందో నిజాయితీగా ఒప్పుకోవాలి. భయమా, ఆశ్చర్యమా, విశ్రాంతా? ఒకే బొమ్మ ముందు ఇద్దరికి రెండు రకాలుగా అనిపించవచ్చు. నీళ్ళలో మనిషిని పోగొట్టుకున్న తల్లికి, వాన కోసం మూడేళ్ళు ఎదురుచూసిన రైతుకు సుడిగుండం ఒకేలా కనబడదు.

మూడవది, చేసినవాడు ఎవరు, దేనితో చేశాడు, ఏ పేరు పెట్టాడు అని తెలుసుకోవాలి. మన ఊహకు అది కళ్ళెం వేస్తుంది.

నాలుగవది మాత్రమే అర్థం. అది కూడా ‘ఇది ఇదే’ అని కాకుండా, ‘నాకు ఇలా తోస్తోంది’ అని.

నేను మొదటి మూడూ వదిలేసి నేరుగా నాలుగవ దానికి దూకాను. పైగా ‘నాకు తోస్తోంది’ అనలేదు, ‘ఇది ఇదే’ అన్నాను.

విగ్రహం అవుతుందా?

ఒక సందేహం కొందరికి ఉంటుంది. రెండవ ఆజ్ఞ ప్రతిమలు చేయవద్దంటోంది కదా (నిర్గమ 20:4), బొమ్మల జోలికి మనం పోవచ్చా? ఆ ఆజ్ఞను పూర్తిగా చదివితే, దేవుడు నిషేధించింది చేసినదానికి సాగిలపడి పూజించడాన్ని అని తెలుస్తుంది. అదే గ్రంథంలో, పదకొండు అధ్యాయాల తరువాత, బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపి, చెక్కే పనిలో, లోహపు పనిలో వివేకం ఇచ్చాడు (నిర్గమ 31:1-5). ప్రత్యక్ష గుడారంలో కెరూబుల రూపాలు ఉన్నాయి. బొమ్మ చేయడం వేరు, దానికి మొక్కడం వేరు.

ఇంకో మాట. రూపం లేని చిత్రం బైబిలుకు కొత్త కాదు. యెహెజ్కేలు మొదటి అధ్యాయం చదవండి. ఉత్తర దిక్కు నుంచి తుపాను, పెద్ద మేఘం, అగ్ని, చక్రంలో చక్రం. ప్రవక్త తాను చూసినదాన్ని చెప్పలేక ‘వంటిది’, ‘పోలినది’ అంటూ మాట మాటకీ ఆగిపోతాడు. దేవుని మహిమ ఇదే అని గీత గీసి చూపించడు. దాని పోలిక తనకు కనబడిందని మాత్రమే చెబుతాడు. తన చూపుకు హద్దు ఉందని తెలిసినవాడి భాష అది. వాక్యం చెప్పే మనకు ఆ భాష చాలాసార్లు కొరవడుతుంది.

2009 అక్టోబరు

ఇప్పుడు ఆ అబ్బాయి మాట నన్ను ఎందుకు వదలలేదో చెబుతాను.

2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కృష్ణా, తుంగభద్ర నదులకు వచ్చిన వరద మన పాఠకుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కర్నూలు పట్టణం మునిగింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఆలంపూర్, గద్వాల ప్రాంతాల్లో నది ఒడ్డు పల్లెలు నీళ్ళలో నిలిచాయి. రాజోలిలో నేతన్నల ఇళ్ళు, మగ్గాలు పోయాయి. శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీళ్ళు వచ్చాయి. ప్రాజెక్టు కట్టిన తరువాత అంత వరద ఎన్నడూ చూడలేదు.

నీళ్ళు తీసిన తరువాత కొన్ని సంఘాలవాళ్ళం కలిసి బియ్యం, దుప్పట్లు తీసుకొని తుంగభద్ర ఒడ్డున ఒక పల్లెకు వెళ్ళాం. పంచే ముందు నన్ను వాక్యం చెప్పమన్నారు. బురద ఇంకా గోడలకు నడుము ఎత్తున అంటుకొని ఉంది. నేను నోవహు జలప్రళయం తీసుకున్నాను. దేశంలో పాపం పెరిగితే దేవుడు నీళ్ళతో మాట్లాడతాడని, ఇది మనకు హెచ్చరిక అని చెప్పాను. గట్టిగానే చెప్పాను.

ప్రార్థన అయ్యాక ఒక ముసలమ్మ బియ్యం సంచి పక్కన పెట్టుకొని నా దగ్గరికి వచ్చింది. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. “అయ్యగారూ, మా కోడలు పొద్దున లేస్తే ప్రార్థనే. ఊర్ల ఆమె ఇల్లే ముందు కూలె. మరి ఆమె పాపమే అందరికంటె పెద్దదా?”

నా దగ్గర జవాబు లేదు. ఏదో గొణిగాను. ఆమె ఇంకేమీ అనకుండా సంచి ఎత్తుకొని వెళ్ళిపోయింది. ఆ కోడలు కూడా ఆ కూడికలోనే కూర్చొని ఉందని తరువాత తెలిసింది.

ఇన్నేళ్ళ తరువాత ఫోన్‌లో ఒక సుడిగుండం చూపించి, “చూడకముందే చెప్పిన్రు” అని ఆ అబ్బాయి అన్నప్పుడు, నాకు గుర్తొచ్చింది ఆ పల్లె. అక్కడ కూడా నేను చూడకముందే చెప్పాను. బురద చూడలేదు. కోడలిని చూడలేదు. ఎగువన కురిసిన అసాధారణ వర్షాలను, అప్పటికే నిండి ఉన్న జలాశయాలను చూడలేదు. గేట్లు ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి అన్నదాని మీద ఎంతో కాలం చర్చ జరిగింది. నది ఒడ్డున ఇళ్ళు ఎందుకున్నాయి, వాళ్ళకు వేరే నేల ఎవరిచ్చారు అన్న ప్రశ్నలున్నాయి. అంతా ‘దేవుని కోపం’ అని ఒక్క మాటలో చుట్టేస్తే, మనుషులు జవాబు చెప్పాల్సిన సంగతులన్నీ ఆ మాట కింద కప్పబడిపోతాయి.

నల్లగొండ నీళ్ళు

ఇది ఒక్క వరద సంగతే కాదు. నల్లగొండ జిల్లా వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో తరాల తరబడి వంగిన కాళ్ళు, బిగుసుకున్న వెన్నెముకలు, పచ్చబడిన పళ్ళు చూశాం. మా చిన్నతనంలో పెద్దలు కొందరు “ఏ జన్మ పాపమో, ఎవరి శాపమో” అనేవారు. ఆ మాట సంఘాల్లో కూడా వేరే రూపంలో విన్నాను.

కారణం బావిలోనే ఉంది. ఆ ప్రాంతపు నల్లరాతి పొరల్లోని ఫ్లోరిన్ భూగర్భ జలంలో కరిగి, తాగే నీటితో ఎముకల్లోకి చేరుతోంది. వానలు తక్కువ, లోతు బోర్లు ఎక్కువ అయ్యేకొద్దీ ఆ బాధ పెరిగింది. కారణం తెలిసిన తరువాతనే పరిష్కారం వెదకడం మొదలైంది. నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని రూపొందించారు. దానికి ప్రపంచమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు నిలిచింది. తరువాత కృష్ణా నీళ్ళు పైపుల్లో ఊళ్ళకు చేరాయి. శాపం అనుకుంటూ కూర్చుంటే ఇవేవీ జరిగేవి కావు.

పుట్టు గుడ్డివాడిని చూసి శిష్యులు అడిగింది కూడా ఇదే ప్రశ్న. ఎవరు పాపం చేశారు, వీడా, వీడి తల్లిదండ్రులా? ప్రభువు ఇద్దరూ కాదన్నారు (యోహాను 9:1-3). అక్కడితో ఆగలేదు. ఉమ్మితో బురద చేసి, వాడి కన్నుల మీద పూసి, కోనేటికి పంపారు. కారణం ఎవరిదని శిష్యులు లెక్కలు వేస్తున్నారు, యేసు చెయ్యి చాచారు.

అయితే దేవుడు నీళ్ళలో మాట్లాడడా?

మాట్లాడడని నేను అనడం లేదు. జాగ్రత్తగా వినండి. సముద్రం, గాలి ఆయన మాట వింటాయి. 29వ కీర్తన ఉరుములోను జలాల మీదను ఆయన స్వరాన్ని వింటుంది. యోవేలు మిడతల దండును చూసి దేశాన్ని పశ్చాత్తాపానికి పిలిచాడు. కానీ యోవేలుకు దేవుని వాక్కు ప్రత్యక్షమైంది. తుంగభద్ర ఒడ్డున నాకు అలాంటి వాక్కు ఏదీ రాలేదు. నేను నా ఊహను ప్రవచనంగా అమ్మాను. తేడా అక్కడుంది.

సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు ప్రభువు ఏమన్నారో చూడండి (లూకా 13:1-5). చనిపోయినవారు యెరూషలేములో మిగిలినవారికంటె పాపులా అని ఆయనే అడిగి, కాదని ఆయనే చెప్పారు. తరువాత మారుమనస్సు గురించి మాట్లాడారు. అయితే ఆ పిలుపు ఎవరికి? అక్కడ నిలబడి వింటున్నవారికి. చనిపోయినవారి మీద తీర్పు చెప్పడానికి కాదు. నేను దీన్ని తలకిందులు చేశాను. మారుమనస్సు పొందాల్సిన బోధకుడు బురదలో నిలబడ్డవారికి తీర్పు చెప్పాడు.

ఇక యోబు. మన తెలుగు భాషలో సుడిగుండం, సుడిగాలి రెండింటిలోనూ ఉన్నది ఒకే ‘సుడి’. యోబు పెద్ద కుమారుని ఇంటిని నాలుగు మూలలా కొట్టి కూల్చింది అరణ్యం నుంచి వచ్చిన గొప్ప సుడిగాలి (యోబు 1:19). చివరకు దేవుడు అతనితో మాట్లాడింది కూడా సుడిగాలిలో నుంచే (38:1). పిల్లలను పోగొట్టుకున్న మనిషికి ఆ గాలి చప్పుడు ఎలా వినబడి ఉంటుందో ఆలోచించండి. తనను గాయపరచిన దానిలో నుంచే స్వరం వచ్చింది. పైగా ఆ స్వరం ‘నీకు ఇందుకు ఇలా జరిగింది’ అని ఒక్క కారణమూ చెప్పలేదు. సముద్రానికి తలుపులు ఎవరు పెట్టారని అడిగింది. మంచు గిడ్డంగులు చూశావా అని అడిగింది. మనిషి లేని ఎడారి మీద వాన కురిపించేది ఎవరని అడిగింది. నాలుగు అధ్యాయాల పొడుగునా దేవుడు యోబుకు చూడడం నేర్పాడు.

మరి స్నేహితులు? వాళ్ళు మొదట ఏడు రాత్రింబగళ్ళు యోబు పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నారు (2:13). వాళ్ళు చేసిన పనుల్లో అదే శ్రేష్ఠమైనది. నోరు తెరిచిన తరువాతే చెడింది. వాళ్ళ మాటల్లో భక్తి తక్కువేమీ కాదు, వాటిలో చాలా వాక్యాలు మనం గోడల మీద రాసుకోదగ్గవే. అయినా దేవుడు, నా గురించి మీరు యుక్తమైనది పలకలేదని వాళ్ళ మీద కోపపడ్డాడు (42:7). ఆ వచనం ప్రతి పాస్టరు బల్ల మీద ఉండాలి. నా బల్ల మీద ఈ మధ్యనే పెట్టుకున్నాను.

సంఘంగా మనం ఏం చేయాలి?

ఈ వానాకాలంలో కూడా ఎక్కడో ఒకచోట గాలిదుమారం రేకులు లేపుకుపోతుంది, పిడుగు పడుతుంది, చెరువు కట్ట తెగుతుంది. లేదా అసలు వానే రాక పాలమూరు బిడ్డలు మళ్ళీ బస్సెక్కి వలస పోతారు. అప్పుడు మన సంఘాలు ఏం చేయాలి? బొమ్మను చూసే వరుసే ఇక్కడ కూడా పనికి వస్తుందని నాకు తోస్తోంది.

మొదట వెళ్ళి చూద్దాం. ఎవరి ఇల్లు పడింది, ఎవరి మేక పోయింది, ఎవరి పాస్‌బుక్కు నీళ్ళలో కొట్టుకుపోయింది, పేరు పేరునా తెలుసుకుందాం. తరువాత వాళ్ళ దగ్గర కూర్చుందాం. ఏడ్చేవారితో ఏడవమని పౌలు రోమా సంఘానికి రాశాడు (రోమా 12:15). అక్కడ వివరించమని రాయలేదు. ఆ తరువాత కారణాలు తెలుసుకుందాం. కట్ట ఎందుకు తెగింది, నీళ్ళలో ఏముంది, అధికారులను అడగాల్సింది ఏమిటి, మనం చేయగలిగింది ఏమిటి అని. చివరగా, వాక్యం చెప్పాల్సి వస్తే, మన పేరు మీద కాక, గెత్సేమనేలో జవాబు రాని ప్రార్థన చేసిన ప్రభువు పేరు మీద చెబుదాం. బాధపడేవాడి పక్కన దేవుడు ఉన్నాడని సిలువ సాక్షిగా చెప్పగలం. ఆ బాధ ఎందుకు వచ్చిందో చెప్పే హక్కు మనకు ఇవ్వబడలేదు.

మీ సంఘంలో చిత్రకళ చదివే పిల్లలు ఉంటే, వాళ్ళను సిలువ, పావురం, గొర్రెపిల్ల మాత్రమే గీయమని బలవంతపెట్టకండి. దేవుని సృష్టిలోని బలాన్ని వాళ్ళు ఏ గీతలో పట్టుకుంటారో చూద్దాం. అర్థం కాకపోతే నవ్వకుండా అడుగుదాం. నేను అడిగాను. ఆ తమ్ముడు ఫోన్‌లో నాతో అరగంట మాట్లాడాడు. “నాకైతే అయ్యగారూ, ఆ నడిమధ్య భయం అనిపించదు. అన్ని గీతలు ఎవరో పిలిచినట్టు అటే పోతున్నయి అనిపిస్తది” అన్నాడు. నేను చూసింది మునిగిపోవడం. అతను చూసింది పిలుపు. ఎవరిది సరైనదని ఇద్దరం తేల్చలేదు. మళ్ళీ ఒకసారి కలిసి చూద్దాం అనుకున్నాం.

తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ పల్లెకు నేను తరువాత ఒకసారి వెళ్ళాను. ముసలమ్మ అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్ళింది. కోడలు కొత్త ఇంట్లో ఉంది. ఆనాటి ప్రసంగానికి క్షమించమని అడిగాను. ఆమె, “గాయింత యాది పెట్టుకున్నరా అయ్యగారూ” అని, కుర్చీ వేసి, చాయ పెట్టింది. ఆ రోజు నేను వాక్యం చెప్పలేదు. ఆమె ప్రార్థన చేసింది, నేను ఆమేన్ అన్నాను.

జలముల మీద ఆది నుంచి అల్లాడుతున్న దేవుని ఆత్మ మన కళ్ళు తెరచి, చూడకముందే మాట్లాడే మన నోళ్ళకు కావలి పెట్టును గాక. ఆమేన్.